బియ్యం డబ్బాలో బోల్టు

నా పేరు కర్రి నూకాలమ్మ. వయసు డెబ్బై దాటింది. ఎంత దాటిందో నాకు తెలీదు. కార్డులో ఉన్నది నన్ను చూసి ఎవరో ఉజ్జాయింపుగా వేసిన అంకె. చోడవరంలో గోవాడ వెళ్లే రోడ్డుకి దిగువన, చెరుకు తోటలకి ఆనుకుని మా ఇల్లు. ఇంట్లో నేను, నా కొడుకు, కోడలు ఉంటున్నాం. మొన్నటి వానల దాకా మా బావగారు కూడా ఉండేవారు. బావగారంటే నా పెనిమిటికి అన్నగారు.

ఆయన పోయారన్న కబురు పొద్దున్న పూట వచ్చింది. నేను ఎసట్లోకి బియ్యం కొలుస్తున్నాను. ఆసుపత్రి నుంచి నా కొడుకు ఫోను చేస్తే కోడలు తీసి నా చెవి దగ్గర పెట్టింది. "అమ్మా, పెదనాన్న ఎలిపోనాడే" అన్నాడు. నా చెయ్యి మోచేతి దాకా బియ్యంలో ఉంది. ఆ బియ్యంలో ఆయన నాకు అప్పజెప్పిన ఇనుప ముక్క ఉంది. ఆయన తుపాకీ బోల్టు. ఆ మాట విన్నప్పుడు నా వేళ్లు దాని మీదే ఉన్నాయి.

నాకు అక్షరం ముక్క రాదు. మా వీధి టీచరమ్మ రాస్తోంది. నా మాటని పుస్తకాల మాటలోకి మార్చుకోమన్నాను. ఎవరు ఏమన్నారో అది మాత్రం అన్నది అన్నట్టే రాయాలని చేతిలో చెయ్యి వేయించుకున్నాను. ఊళ్లో ఒక మాట తిరుగుతోంది. ముసల్ది తుపాకీ ముక్క దాచేసిందట. బావగారి వస్తువు మరదలి బియ్యంలో ఎందుకుందో అడగండి అని నవ్వుకుంటున్నారట. పోయినాయన జవాబు చెప్పలేరు. నేనింకా బతికే ఉన్నాను. చెబుతాను, వినండి.

మా బావగారు మిలటరీ మనిషి. నేను కాపరానికి వచ్చేసరికే ఉద్యోగంలో ఉన్నారు. సెలవుకి వచ్చినప్పుడు ఆయన వీధి అరుగు మీద, నేను వంటింట్లో. మా ఇళ్లల్లో బావగారి ఎదుట మరదలు కూర్చోదు, మాట్లాడదు. ఆయన కూడా పలకరించరు. నా పెనిమిటి జ్వరం తగిలి పోయాక, ఆయన ఉద్యోగం చాలించుకుని ఇంటికి వచ్చేశారు. ఆయన భార్య అంతకు ముందే కాలం చేసింది, పిల్లలు కలగలేదు. నాకేమో ఒక పసివాడు, ఒక చెరుకు మడి, ఒక గేదె. ఒకే కప్పు కింద ఉంటూ మాట లేకుండా ఎలా గడుస్తుంది? అందుకని గేదెతో మాట్లాడేవారు.

"ఏమే, రేపు సెరుకు కొట్టడానికి మనుషులొస్తన్నారు. గంజి ఎక్కువ కాయమను."

గేదె చెవులు ఆడించేది. నేను లోపల్నుంచి దానికే జవాబు చెప్పేదాన్ని. "కాస్తానని సెప్పవే. ఉల్లిపాయలు అయిపోనాయని కూడా సెప్పు."

సాయంత్రానికి ఉల్లిపాయలు గుమ్మంలో ఉండేవి. తర్వాత ఎన్ని గేదెలు మారినా ఈ పద్ధతి మారలేదు. మా ఇంటి గుట్టు ఏ చుట్టానికీ తెలీదు, గేదెలకి తెలుసు.

తుపాకీ తర్వాత వచ్చింది. అడవి పందులు చెరుకులో పడి దొర్లిపోతున్నాయని ఆయన లైసెన్సు పెట్టుకున్నారు. మిలటరీ మనిషని ఇచ్చారు. ముసలి ఆఫీసరు ఒకాయన దగ్గర తెచ్చుకున్నారు దాన్ని. మా అందరికంటే వయసులో పెద్దది, దొరల కాలంలో యుద్ధంలో తిరిగినది. భుజానికి ఆనించే కర్ర మీద ఎవరో కత్తితో గీసిన గీతలుండేవి. ఆ గీతల మీద బొటనవేలు పెట్టి, "నాకన్నా ముందు ఎంతమంది బుజాలెక్కిందో ఇది" అనేవారు గేదెతో. గుండు గుండుకీ ఒక పిడి పైకెత్తి వెనక్కి లాగాలి, మళ్లీ ముందుకి తోసి దించాలి. పిడి చివర రేగుపండంత గుండ్రటి ఇనుము. ఆ పిడితో కదిలే కడ్డీనే బోల్టు అంటారు. ఆ కడ్డీ మొత్తం ఊడి చేతిలోకి వచ్చేస్తుంది, అది లేకపోతే తుపాకీ పేలదు.

ఆయన పందుల్ని చంపిన పాపాన పోలేదు. ఆకాశంలోకి ఒకటి పేల్చేవారు. పందులు పక్క చేలోకి పోయేవి. పక్క చేను ఆసామి మా మీదికి వచ్చేవాడు.

పేల్చడం ఎప్పుడో ఒకసారి. తుడవడం మాత్రం ఆదివారం ఆదివారం. "ఇది పేలినప్పుడు పాడవదే, ఊరకున్నప్పుడే పాడయిపోతాది" అనేవారు. అరుగు మీద గోనెసంచి మడతపెట్టి, దాని మీద ఉతికిన పంచె పరిచేవారు. మొదట బోల్టు తీసేవారు. తర్వాత కింద ఉండే గుళ్ల పెట్టె. సన్నటి తాడుకి ఒక చివర ఇత్తడి గుండు, ఇంకో చివర గుడ్డపీలిక. ఇత్తడి గుండుని గొట్టంలో వెనకవైపు నుంచి జారవిడిచి, మూతి వైపు నుంచి లాగేవారు. నేను లోపల గోంగూర ఒలుచుకుంటూ చూసేదాన్ని. చూడకూడదని ఎవరూ అనలేదు.

"ఒక్క ఊపిరిలో లాగీయాల. మజ్జిలో ఆగేవంటే మురికంతా అక్కడ ఒగ్గీసినట్టే."

ఇది కూడా గేదెకే. గేదెకి తుపాకీ తుడిచే అవసరం ఏముంటుంది? నాకు నేర్పుతున్నారని నాకు తర్వాత తెలిసింది.

ఒక ఏడు, కొత్తగా నాటిన చెరుకు మోకాలెత్తు ఉన్నప్పుడు, పక్క చేను ఆసామి పశువులు మా మడిలో పడ్డాయి. నేను కర్ర పుచ్చుకుని తోలాను. ఆ మనిషి గట్టు మీద నిలబడి, అందరూ వింటుండగా ఒక మాట అన్నాడు. తమ్ముడి పెళ్లాన్ని ఏలుకోడానికే అన్న ఉద్యోగం ఒదులుకుని వచ్చేడని. రాయమంటున్నాను కాబట్టి టీచరమ్మ రాస్తోంది. ఆ మాట నేను మింగేదాన్నేమో. కానీ బావగారు గట్టుకి ఇవతలే ఉన్నారు.

ఆయన వెనక్కి తిరిగి ఇంటికి నడిచారు. ఆ నడక చూసి నేను అడ్డదారిన పరుగెత్తాను. నేను గుమ్మంలోకి వచ్చేసరికి ఆయన తుపాకీ తీసుకుని బయటికి వస్తున్నారు. ముఖంలో నెత్తురు చుక్క లేదు. నేను గుమ్మానికి రెండు చేతులూ అడ్డం పెట్టి నిలబడ్డాను. నెత్తి మీద ముసుగు ఎక్కడ పడిపోయిందో తెలీదు. బావగారి ముఖంలోకి చూడ్డం అదే మొదలు.

"తుపాకీ మీరే ఉంచుకోండి. అది పేల్చే ముక్క నాకియ్యండి" అన్నాను.

ఆయన గుమ్మం వైపు ఒక అడుగు వేశారు.

"ఆడన్న మాటకి ఆడు సత్తే, ఆ మాట నిజమనీసి ఊరంతా ఒప్పుకుంటాది. మీరు జైలుకెల్తే నా గుంటడికి దిక్కెవరు? ఇయ్యండి."

కొంగు చాచి పట్టుకున్నాను. ఆయన నా కొంగు వైపు చూశారు. తర్వాత పిడి ఎత్తి, వెనక్కి లాగి, బోల్టు ఊడదీసి నా కొంగులో వేశారు. అంత చిన్న ముక్క అంత బరువుంటుందని అనుకోలేదు. వెళ్లి బియ్యం డబ్బాలో పూడ్చేశాను.

మర్నాడు పొద్దున్న గేదెకి గడ్డి వేస్తూ చెప్పారు. "మిల్ట్రీలో కోత్ అని ఒక గది ఉంటాదే. తుపాకీలన్నీ అందులో దాస్తారు. తుపాకీ ఒక సోట, బోల్టు ఒక సోట, తాళాలు ఏరే మనుసుల కాడ. కోపమొచ్చినోడికి రెండూ దొరక్కూడదనీసి. ఇన్నాళ్లకి మనింట్లో కోత్ హవల్దారు దొరికింది. ఇకనించి ఆ ముక్క అక్కడే ఉండనియ్యమను."

"అక్కడే ఉంటాదని సెప్పు" అన్నాను. "బియ్యంలో తేమ తగల్దని కూడా సెప్పు."

ఆయన నవ్వారు. గేదెని చూసి నవ్వినట్టే నవ్వారు.

అప్పటినుంచి అదే పద్ధతి. ఆదివారం పొద్దున్న ఫ్లానెల్ గుడ్డలో చుట్టిన బోల్టు గుమ్మంలో పెట్టేదాన్ని. పందుల కోసం కావాలన్నా గేదెని అడిగి తీసుకోవాల్సిందే. పని అయ్యాక మళ్లీ గుమ్మంలో ఉండేది. పైన ప్లాస్టిక్ కవరు తొడిగి బియ్యంలోకి దించేదాన్ని. ఈ సంగతి మా ఇద్దరికి తప్ప మూడో మనిషికి తెలీదు. నా కొడుక్కి కూడా చెప్పలేదు. వాడిదీ మా రక్తమే కదా, కోపం తక్కువేం కాదు.

కోడలు వచ్చాక బియ్యం డబ్బా మీద చెయ్యి వెయ్యనివ్వలేదు. వంటంతా దానిదే, బియ్యం కొలవడం మాత్రం నాది. పాపం, అది ఏమనుకుందో మొన్న గుట్టు బయటపడ్డాక గానీ తెలీలేదు. "ఇన్నేళ్లూ నన్ను నమ్మక బియ్యం కొలవనివ్వట్లేదని, మా అమ్మకి కూడా సెప్పుకుని ఏడ్సేను అత్తా" అంది. నాకు నవ్వాలో ఏడవాలో తెలీలేదు. రెండూ చేశాను.

తర్వాత తర్వాత బావగారికి చూపు మందగించింది, చేతులు వణకడం మొదలైంది. ఒక ఆదివారం గుడ్డపీలిక తాడుకి ఎక్కించలేక అవస్థ పడుతుంటే చూశాను. మూడోసారీ జారిపోయాక ఆయన తల ఎత్తి, పెరటి వైపు తిరిగి అన్నారు. "ఏమే, నాకు ఇక ఈ పని సాతకాదేమో."

నేను గుమ్మం ఇవతల కూర్చుని చెయ్యి బయటికి చాచాను. ఆయన తాడు నా చేతిలో పెట్టి, లేచి అరుగు చివరికి వెళ్లి, నాకు వీపు పెట్టి కూర్చున్నారు. ఆ రోజు నుంచి తుడిచేది నేను, వినేది ఆయన. అన్నీ చప్పుడు మీదే చెప్పేవారు. గుడ్డ గొట్టంలోంచి వస్తుంటే "బిగువుగా ఉందే, పీలిక సన్నం సెయ్యమను" అనేవారు. బోల్టు దూర్చి మూస్తే, "ఆ సప్పుడు పొడిగా ఉంది. ఒక్క సుక్క నూని ఎయ్యమను" అనేవారు. నేను ఎక్కువ వేశానో, అదీ వాసనతో పట్టేసేవారు. "నూని కంటికి అవుపించకూడదే, ఏలికి తెలవాల. ఇదేటి, పులుసు కాస్తన్నాదేటి?"

"పులుసు కాస్తే తినీవోళ్లు ఒంకలు పెట్టరని సెప్పు" అనేదాన్ని.

అంతా సరిగ్గా కుదిరితే ఒకటే మాట. "సాలు." బాగుందని ఆయన నోట ఎన్నడూ వినలేదు. ఆ సాలు కోసం నేను వారమంతా ఎదురుచూసేదాన్నని ఇప్పుడు చెప్పుకోవడానికి నాకు సిగ్గు లేదు.

గేదెని అమ్మేశాక పెరడు ఖాళీ అయింది. ఆయన గేదెని కట్టిన కట్టుకొయ్యతో చెప్పేవారు. నేను కట్టుకొయ్యకే జవాబిచ్చేదాన్ని. కోడలు చూసి, "మీ ఇద్దరికీ పిచ్చెక్కింది అత్తా" అనేది.

ఈ వానలు మొదలయ్యాక ఆయనకి ఆయాసం ఎక్కువైంది. రెండు ఆదివారాలు తుడవడం కుదర్లేదు. ఆసుపత్రికని ఆటోలో ఎక్కించారు. వాన పడుతోంది. నేను గుమ్మంలో నిలబడ్డాను, మామూలుగా ఇవతల. ఆటో కదలబోతుంటే ఆయన చెయ్యి ఎత్తి ఆపమన్నారు. కట్టుకొయ్య వైపు చూడలేదు. నా వైపు చూశారు.

"అమ్మా" అన్నారు. "వానాకాలం. తుడవకుండా ఎవులికీ ఇచ్చీకమ్మా."

ఇన్నేళ్లలో నాతో ఆయన నేరుగా అన్న మాట అదొక్కటే. నేను "అలగే" అన్నాను. నేనూ ఇంకెవరినీ చెప్పమనలేదు, ఆయనకే చెప్పాను.

ఆయన పోయాక తుపాకీ ఇంట్లో ఉండకూడదని, నా కొడుకే స్టేషనులో చెప్పి వచ్చాడు. అది న్యాయమే, వాడిని తప్పుపట్టను. పెద్దకర్మ రోజున కానిస్టేబుళ్లు వచ్చారు. నేను చుట్టాల మధ్య ఉన్నాను. కోడలు గోడ మేకుకి ఉన్న తుపాకీ తీసి ఇచ్చేసింది. నాకు తెలిసేసరికి మేకు ఖాళీగా ఉంది. తుడవకుండానే వెళ్లిపోయింది. బోల్టు లేకుండా వెళ్లింది. లేదని ఆ కానిస్టేబుల్ పిల్లలకి అప్పుడు తట్టలేదు, తర్వాత తట్టి కబురు పెట్టారు.

"అమ్మా, ఆ ముక్క ఎక్కడుందో నీకు తెలుసా?" అని నా కొడుకు అడిగాడు.

"తెలుసు."

"ఐతే ఇయ్యీ. లేపోతే కేసవుతాదంట."

"తుపాకీ తుడవనిస్తే ఇస్తాను. లేపోతే నన్నే తీసుకెల్లమను."

వాడు తల పట్టుకున్నాడు. "స్టేషన్లో నువ్వు తుపాకీ తుడుస్తావా? నవ్వుతారే అమ్మా."

"నవ్వనీ. నీ పెదనాన్నకి అలగేనని సెప్పేనురా."

అప్పుడే ఊళ్లో ఆ మాట పుట్టింది. ముసల్ది దాచిందని.

వెళ్లాం. ఆటోలో బోల్టు నా ఒడిలో ఉంది, ఫ్లానెల్ గుడ్డలో. వాన సన్నగా పడుతూనే ఉంది. ఎస్సైగారు కుర్రవాడు, మర్యాదగానే కుర్చీ వేయించాడు. "ఎందుకు దాచావమ్మా?" అన్నాడు.

"దాసలేదు బాబూ. దాని సోట్లో అదుంది."

"ఆయన తుపాకీ ముక్క నీ బియ్యంలో ఎందుకుంది?"

గదిలో అందరూ చేస్తున్న పని ఆపేశారు. నా కొడుకు నేల చూస్తున్నాడు. వాడు పుట్టి బుద్ధెరిగాక ఈ ప్రశ్న వాడి మనసులోనూ ఎప్పుడో తిరిగి ఉంటుంది. వాడి కోసమే గట్టిగా చెప్పాను.

"మా ఇంట్లో ఇద్దరం కోపిష్టోళ్లం బాబూ. రెండు ముక్కలూ ఒకలి కాడ ఉండకూడదనీసి పంచుకున్నాం. ఆయన పరువు నా బియ్యంలో ఉంది, నా పరువు ఆయన మేక్కి ఉంది. ఇద్దరిలో ఎవులమూ పోగొట్టలేదు."

ఎస్సైగారు కలం కింద పెట్టాడు. గోడవారగా నిలబడ్డ పెద్ద వయసు హెడ్డు కానిస్టేబులుగారు మెల్లగా అన్నారు. "తుడవనివ్వండి సార్. తుప్పు పట్టకుండా ఉంటే మనకీ మంచిదే కదా."

వరండాలో గోనెసంచి మడతపెట్టుకుని కూర్చున్నాను. హెడ్డుగారే తుపాకీ తెచ్చి, లోపల ఏమీ లేదని చూసి ఒళ్లో పెట్టారు. ఇత్తడి గుండు జారవిడిచి, ఒక్క ఊపిరిలో లాగాను. గుడ్డ మీద ఎర్రటి చార వచ్చింది. ఆ చార చూసేసరికి, ఆయన శవం దగ్గర రాని ఏడుపు అక్కడ వచ్చింది. ఏడుస్తూనే పీలికలు మార్చాను. ఎరుపు పలచబడింది. తర్వాత పోయింది. కర్రకి, ఆ కత్తి గీతల్లోకి అవిసె నూనె రాశాను. బోల్టు దూర్చి మూశాను.

చప్పుడు పొడిగా ఉంది.

అలవాటుగా ఆగాను, వెనకాల నుంచి మాట వస్తుందని. వాన చప్పుడు తప్ప ఏమీ లేదు. నేనే ఒక చుక్క వేసి, మళ్లీ మూశాను.

"ఎలగుంది బాబూ సప్పుడు?" అని హెడ్డుగారిని అడిగాను.

"బాగుందమ్మా, చాలా బాగుంది" అన్నారు. మంచి మనిషి. కానీ నాకు కావలసిన మాట అది కాదు. నాలో నేనే "సాలు" అనుకుని బోల్టు ఊడదీశాను.

"దీన్నీ దాన్నీ ఒక సోట పెట్టకండి" అన్నాను. హెడ్డుగారు నవ్వలేదు. తుపాకీ లోపల గదిలో పెట్టించి, బోల్టుకి చీటీ కట్టి వేరే బీరువాలో పెట్టి తాళం వేసి, తాళం నాకు చూపించారు. తర్వాత దాన్ని ఏం చేస్తారో నాకు తెలీదు. కరిగించేస్తారని ఎవరో అన్నారు. కరిగించనీ. తుప్పుతో పోలేదు.

నేను ఇదంతా చెప్పి రాయిస్తున్నానని తెలిసి, పక్క చేను ఆసామి నిన్న వచ్చాడు. వాడూ ముసలివాడైపోయాడు, కర్ర పట్టుకుని నడుస్తున్నాడు. అరుగు కింద నిలబడి, "ఒదినా, ఆ రోజు గట్టు మీద ఆ మాట అన్నది నానే" అన్నాడు. "అబద్ధమని ఎరిగే అన్నాను. రాయించీ. కింద సాచ్చీకి నా పేరు ఎట్టించు. నా మీదకొచ్చిన తుపాకీని ఆపింది నువ్వు. నాకన్నా పెద్ద సాచ్చి ఎవడున్నాడు?" పైకి వచ్చి కూర్చోమన్నాను. కూర్చున్నాడు. ఆయన కూర్చునే చివర మాత్రం కూర్చోలేదు, దూరంగా జరిగాడు.

బియ్యం కొలిచే గ్లాసు కోడలికి ఇచ్చేశాను. ఇక నువ్వే కొలుచుకో అన్నాను. దాని చెయ్యి తిన్నగా డబ్బా అడుగుకి వెళ్లి వస్తుంది, చూస్తుంటాను. ఇవాళ అది గుడికి వెళ్తే చాలా రోజుల తర్వాత నేను కొలిచాను. బియ్యం నిండుగా, చదునుగా ఉంది. చెయ్యి పెట్టాను. నా చెయ్యి మధ్యలోకి వెళ్లలేదు. అక్కడేదో ఉన్నట్టు, దానికి తగలకూడదన్నట్టు, చుట్టూ తిరిగి పక్కనుంచి బియ్యం తీసుకుని వచ్చింది.

ఇదంతా నేను చెప్పగా రాసి, నాకు చదివి వినిపించారు. నేను చెప్పిందే ఉంది. కర్రి నూకాలమ్మ ఎడమ బొటనవేలి ముద్ర ఇది.

దగ్గరుండి విన్నవాళ్లు:
నా కోడలు, కర్రి పైడమ్మ
రాసిన టీచరమ్మ, విజయ
పక్క చేను ఆసామి, అప్పలనాయుడు